మట్టిలో ఉన్నదాన్ని చంపుకుని ప్యాకెట్‌లో కొంటున్నాం

“బావా, ఇది కూడా బూజే కదా? మరి పోయిన వారం మనం టమోటా మొదళ్లలో పోసింది బూజు మందే కదా?”

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ జీకేవీకేలో జరిగే కృషి మేళాలో ఒక స్టాల్ ముందు నిలబడి మా బావమరిది అడిగిన ప్రశ్న ఇది. చేతిలో మైకోరైజా ప్యాకెట్ ఉంది. వేళ్లకి మేలు చేసే శిలీంధ్రమనీ, భాస్వరం అందిస్తుందనీ, ఎండకి పైరు తట్టుకుంటుందనీ స్టాల్‌లో ఉన్న అబ్బాయి చెప్పాడు. చెప్పినవి అబద్ధాలు కావు. కానీ మావాడి ప్రశ్నకి ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. అప్పటికి నా దగ్గరా లేదు.

మావాడిది చింతామణి దగ్గర పల్లె. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడ నడిచే ప్రాంతం. రెండెకరాల మెట్టలో రాగి, బోరు కింద ఎకరంలో టమోటా, ధరని బట్టి మధ్యలో ఒక పంట క్యాబేజీ. నేను బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటూ శని, ఆదివారాలు అక్కడికి వెళ్తుంటాను. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చదివాను, తెలిసినవాళ్లని అడిగాను, చేలో చూశాను. చివరికి నాకు తేలింది ఇది: ఆ శిలీంధ్రం మన చేలల్లో ముందునుంచీ ఉంది. మనం చేసే సేద్యమే ఏటా దాన్ని ఆకలితో మాడుస్తోంది. ఆ పద్ధతులు మార్చకుండా ప్యాకెట్ కొంటే ఆ డబ్బు మట్టిపాలే.

మనకి బూజు అనగానే తెగులే గుర్తొస్తుంది. ఆకుమచ్చ, ఎండు తెగులు, నారుకుళ్లు, బూడిద తెగులు. ఈ శిలీంధ్రం వేరే రకం. శాస్త్రవేత్తలు ఆర్బస్క్యులర్ మైకోరైజా అంటారు, అంగళ్లలో వ్యామ్ అనే పాత పేరు ఇంకా నడుస్తోంది. భూమ్మీది మొక్క జాతుల్లో 70 శాతానికి పైగా దీనితో పొత్తులో ఉన్నాయి. రాగి, జొన్న, మొక్కజొన్న, కంది, వేరుశనగ, అనప, టమోటా, మిరప, మల్బరీ, మామిడి అన్నీ ఈ జాబితాలోవే. స్కాట్లండ్‌లోని రైనీ అనే ఊరి దగ్గర దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఇది కనిపించింది. ఆ మొక్కలకి ఇంకా సరైన వేళ్లే ఏర్పడలేదు. అంటే వేరు పుట్టకముందే ఈ పొత్తు పుట్టింది.

ఈ శిలీంధ్రం వేరు లోపలి కణాల్లోకి దూరి చిన్న చెట్టు ఆకారంలో కొమ్మలు వేస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం అంతా అక్కడే. బయట మట్టిలోకి దాని పోగులు పాకుతాయి. మంచి చేలో ఒక గ్రాము మట్టిలోనే ఈ పోగులు కొన్ని మీటర్ల పొడవు ఉంటాయి. భాస్వరం నత్రజనిలా నీళ్లతో కలిసి వేరు దగ్గరికి రాదు, ఉన్నచోటే అంటుకుని ఉంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా పీల్చేశాక ఇక అక్కడ దొరకదు. శిలీంధ్రపు పోగు వేరునూగు కంటే సన్నం, వేరు చేరలేని సందుల్లో దూరి, కొన్ని సెంటీమీటర్ల అవతలి నుంచి కూడా భాస్వరం, జింకు తెచ్చిస్తుంది. బదులుగా మొక్క తాను ఎండలో తయారు చేసుకున్న ఆహారంలో 4 నుంచి 20 శాతం దాకా దీనికి ఇస్తుంది. చక్కెరతోపాటు కొవ్వు కూడా మొక్క నుంచే వెళ్తుందని, తనకి కావాల్సిన కొవ్వు ఆమ్లాలని ఈ శిలీంధ్రం సొంతంగా తయారు చేసుకోలేదని 2017లో వచ్చిన పరిశోధనలు చూపించాయి.

ఈ చివరి సంగతి రైతు గుర్తుపెట్టుకోవాలి. బతికున్న వేరు లేకపోతే దీనికి తిండి లేదు. కుళ్లిన ఆకు తిని బతికే బూజు కాదిది. దిబ్బెరువు ఎంత తోలినా, వేరు లేని చేలో ఇది పెరగదు.

ఇప్పుడు మన నేలలు చూద్దాం. బెంగళూరు చుట్టుపక్కల, కోలారు, చిక్కబళ్లాపురం, ఇటు మదనపల్లె, హిందూపురం వరకు చాలావరకు ఎర్రనేలలే. ఆ ఎరుపు ఇనుముది. ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టుకుని వదలవు. వేసిన భాస్వరంలో ఆ ఏడాది పైరు తీసుకునేది సాధారణంగా 15 నుంచి 20 శాతమే. మిగతాది నేలలో అప్పులా పేరుకుంటుంది. దాన్ని వసూలు చేసిపెట్టగల ఏజెంట్ ఈ శిలీంధ్రం. ఆ ఏజెంట్‌ని పనిలోంచి తీసేస్తున్నది మనం వేసే ఎరువే.

అది ఎలాగో తెలియడానికి జొన్నచేలో మల్లె కథ చెప్పాలి. జొన్న వేళ్లకి అంటుకుని రసం పీల్చే జొన్నమల్లె కలుపు రాయలసీమ రైతులకి బాగా తెలుసు. సత్తువ లేని నేలలో అది మరీ ఎక్కువ అని పెద్దవాళ్లు అంటారు. ఆ మల్లె విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి, పక్కన వేరు వచ్చినప్పుడే మొలుస్తుంది. వేరు వదిలే స్ట్రైగోలాక్టోన్ అనే పదార్థం దాన్ని లేపుతుందని 1966లోనే తెలిసింది. కానీ తనకి శత్రువైన కలుపుని మొక్క ఎందుకు పిలుస్తుంది? దానికి జవాబు 2005లో జపాన్ శాస్త్రవేత్తల దగ్గర్నుంచి వచ్చింది. ఆ పిలుపు మల్లె కోసం కాదు, మైకోరైజా కోసం. భాస్వరం చాలనప్పుడు మొక్క ఆ పదార్థాన్ని ఎక్కువగా వదిలి శిలీంధ్రాన్ని రమ్మంటుంది. మల్లె ఆ పిలుపుని చాటుగా విని ముందే వచ్చి కూర్చుంటుంది. సత్తువ లేని నేలలో మల్లె ఎక్కువన్న పెద్దవాళ్ల మాటకి శాస్త్రంలో ఆధారం ఉన్నట్టే.

దీనికి ఇంకో వైపు ఉంది. భాస్వరం సమృద్ధిగా ఉంటే మొక్క పిలవదు. పిలవకుండా వచ్చిన శిలీంధ్రానికి కూడా వేరులో చోటు తగ్గిస్తుంది. ఇంట్లో బియ్యం నిండా ఉన్నవాడు కూలి ఇచ్చి మరొకరితో బియ్యం తెప్పించుకోడు కదా.

మా టమోటా ఎకరం సంగతి చూడండి. నాటేముందు దుక్కిలో డీఏపీ, భాస్వరం ఎక్కువున్న ఎరువు. నాటాక డ్రిప్‌లో నైన్‌టీన్ ఆల్, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ 19 శాతం చొప్పున. పూతకి ముందు 12-61-0, అంటే ఎరువుల లెక్కలో 61 శాతం భాస్వరమే. ఏడాదికి రెండు పంటలు ఇలాగే. మట్టి పరీక్ష చేయిస్తే ఆ ఎకరంలో భాస్వరం ‘ఎక్కువ’ అని వచ్చింది. పక్కనే ఉన్న రాగి చేలో ‘తక్కువ’. అయినా మావాడు రెండిట్లోనూ డీఏపీ వేస్తాడు, ఎందుకంటే అందరూ వేస్తారు. అతణ్ని నేను తప్పుపట్టను. 50 కిలోల డీఏపీ బస్తా రైతుకి 1350 రూపాయలకి అందేలా ప్రభుత్వం సబ్సిడీ భరిస్తోంది. మట్టిలో ఉన్న భాస్వరాన్ని వాడుకోమని చెప్పేవాళ్లు ఎవరున్నారు? బస్తా కోసం క్యూలో నిలబడాలి, స్టాకు అయిపోతుందేమోనన్న టెన్షన్. దొరికితే తెచ్చి వేసెయ్యడమే. ఆ భాస్వరం కోసం దేశం ఎక్కువగా దిగుమతి మీదే ఆధారపడి ఉంది. రాక్ ఫాస్ఫేటో, ఆమ్లమో, తయారైన డీఏపీయో, ఏదో ఒక రూపంలో ఓడల్లో వస్తుంది.

భాస్వరం సంగతి ఎవరైనా కొంత చెబుతారు. ఖాళీ చేను గురించి ఎవరూ మాట్లాడరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

రాగి నవంబర్, డిసెంబర్‌లలో కోతకొస్తుంది. ఆ తర్వాత జూన్ వానల దాకా మెట్ట చేను ఎర్రగా బోడిగా పడుంటుంది. ఆరేడు నెలలు. మధ్యలో ఏ చిరుజల్లు పడినా ట్రాక్టర్ వచ్చి రోటవేటర్ తిప్పుతుంది, ‘చేను శుభ్రంగా’ ఉండటానికి. బతికున్న వేరే ఆహారమైన జీవికి ఆరేడు నెలల పస్తు అది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రైతులు తేమ నిల్వ కోసం ఏడాదికి పైగా నేల ఖాళీగా ఉంచేవాళ్లు. తర్వాత వేసిన మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, అవిశె భాస్వరం, జింకు లోపంతో గిడసబారేవి. వాన బాగుంది, నేల బాగుంది, పంట మాత్రం లేదు. 1987లో థాంప్సన్ అనే శాస్త్రవేత్త దాని మూలం తేల్చాడు. ఖాళీ కాలంలో మైకోరైజా తగ్గిపోవడమే కారణం. మనది అంత పొడవైన ఖాళీ కాదు, శిలీంధ్ర బీజాలు కొన్ని నిలుస్తాయి కూడా. కానీ పోగుల వల మిగలదు. జూన్‌లో మొలిచిన రాగి వేరుకి బీజం మొలకెత్తి అంటుకోవాలంటే రోజులు పడుతుంది. వల ఉంటే అంటుకోవడం వెంటనే జరుగుతుంది. మెట్ట పైరుకి మొదటి మూడు వారాలే ప్రాణం. ఆ ఆలస్యం ఖరీదైనదే.

రోటవేటర్ సంగతీ ఇక్కడే చెప్పాలి. నాగలి మట్టిని తిరగేస్తుంది, రోటవేటర్ పిండి చేస్తుంది. పోగులు తెగి ముక్కలవుతాయి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో ముర్రే మిల్లర్ బృందం ఏళ్ల తరబడి చేసిన పనిలో, దున్నని నేలలో మొక్కజొన్న తొలి వారాల్లో భాస్వరం ఎక్కువ తీసుకుంటుందని తేలింది. నేల కదలకపోవడంతో పాత వల అలాగే ఉండి కొత్త వేరుని అందుకోవడం దానికి పెద్ద కారణం. అలాగని మన ఎర్రనేలలో దున్నకుండా రాగి వేయమని నేను చెప్పను. పైన గట్టిపడే మట్టి, గరిక, తుంగ ఉన్న చేలో అది జరిగే పని కాదు. కానీ ఏడాదికి ఐదుసార్లు రోటవేటర్ అవసరమా? విత్తే ముందు ఒకసారి కల్టివేటర్, ఆపైన గుంటక చాలవా? మా నాయన కాలంలో మడక, గుంటకలతోనే రాగి పండింది. అప్పుడు దిగుబడి తక్కువ, నిజమే. దానికి కారణం విత్తనం, ఎరువు. దుక్కి తక్కువై కాదు.

బావమరిది ప్రశ్నకి వస్తాను. బూజు మందు ఈ మంచి బూజుని కూడా చంపుతుందా?

మందుని బట్టి, పోసే చోటుని బట్టి ఉంటుంది. శాస్త్రవేత్తలు చేలో మైకోరైజా లేకుండా చేసి చూడాలనుకుంటే చాలాకాలం వాడిన మందు బెనోమిల్. అది మట్టిలో కార్బెండజిమ్‌గా మారుతుంది. మనం మొదళ్లలో డ్రెంచింగ్ చేసేది ఆ కార్బెండజిమే. ఆకుల మీద కొట్టిన మందు అంతగా కిందికి చేరదు, వేరు దగ్గర పోసింది నేరుగా తగులుతుంది. ఇక్కడ ఇంకో సంగతి. నారుకుళ్లు చాలాసార్లు పిథియం వల్ల వస్తుంది. పిథియం నిజానికి శిలీంధ్ర కుటుంబానికే చెందదు, కార్బెండజిమ్ దానిమీద సరిగా పనిచేయదు. అంటే జబ్బు ఏదో చూసుకోకుండా పోసిన మందు శత్రువుని వదిలేసి మిత్రుణ్ని కొడుతుంది. పిథియం లాంటివాటికి వాడే మెటలాక్సిల్ మైకోరైజాకి అంతగా హాని చేయదని ప్రయోగాలు చెబుతున్నాయి. మందులు మానేయమని కాదు నా మాట. ఎండు తెగులు పట్టిన టమోటా తోటని చూసినవాడెవడూ ఆ మాట అనలేడు. కుళ్లిన నారుని ఒకసారి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించాక మందు కొంటే ఖర్చూ తగ్గుతుంది, మట్టీ బతుకుతుంది.

క్యాబేజీ గురించి ఒక్క మాట. క్యాబేజీ, కాలిఫ్లవర్, ముల్లంగి, ఆవాలు ఈ శిలీంధ్రానికి చోటివ్వవు. బీట్‌రూట్, పాలకూర, తోటకూర కుటుంబం కూడా అంతే. మాలూరు, హొసకోటె వైపు క్యాబేజీ తర్వాత క్యాబేజీ వేసే మడులు శిలీంధ్రం లెక్కలో ఖాళీ చేలే. క్యాబేజీ వేయొద్దని కాదు, రెండు క్యాబేజీల మధ్య ఒక మొక్కజొన్నో, బీన్సో, అనపో రావాలి. వరి దమ్ము మడిలో నీళ్లు నిలవడంతో ఇది ఎలాగూ తగ్గుతుంది. శిడ్లఘట్ట మల్బరీ తోటల్లో మాత్రం ఏడాది పొడవునా వేరు బతికే ఉంటుంది.

ఇక ప్యాకెట్. మేము అంతకుముందే ఒకసారి కొన్నాం, మేళాలో కాదు, ఊరి దగ్గర ఒక అంగడిలో. సంచి మీద తయారీ తేదీ చెరిగిపోయి ఉంది. భాస్వరం ఎక్కువున్న అదే టమోటా ఎకరంలో చల్లాం. చల్లిన సాళ్లకీ చల్లని సాళ్లకీ తేడా ఏమీ కనపడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కనపడకపోవడమే సహజం. సరుకు బతికుందో లేదో తెలియదు, వేరుకి తగల్లేదు, తగిలినా ఆ మొక్క పిలిచే స్థితిలో లేదు. మైకోరైజాకి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణాలున్నాయి. గ్రాముకి ఎన్ని బతికున్న బీజాలు ఉండాలో అందులో రాసుంది. సంచి మీద ఆ సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ లేకపోతే కొనకూడదు. ఎండలో పెట్టి అమ్మేవాడి దగ్గర అసలు కొనకూడదు.

అయితే ప్యాకెట్ నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. నర్సరీ. టమోటా, మిరప, క్యాప్సికం నారు ఇప్పుడంతా ట్రేలలో కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొట్టులో, పెరుగుతోంది. కోకోపీట్‌లో మట్టి లేదు, కాబట్టి సహజమైన శిలీంధ్రమూ లేదు. ఆ మొక్క పుట్టిన దగ్గర్నుంచి నెలరోజులు ఒంటరి. ట్రే నింపేటప్పుడే ప్యాకెట్‌లోని శిలీంధ్రపు సరుకు కలిపితే కొద్ది సరుకుతో ప్రతి వేరుకీ తగులుతుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ డి.జె. భాగ్యరాజ్ ఈ పనికి జీవితం ఇచ్చారు. నారుదశలోనే మైకోరైజా పట్టించిన మిరప, పొలంలో నాటాక బాగా పెరిగి దిగుబడి ఇచ్చిందని, భాస్వరం ఎరువు తగ్గించుకోవచ్చని ఆయన బృందం 1982లోనే ప్రచురించింది. నలభై ఏళ్లు దాటింది. మేము నారు తెచ్చుకునే నర్సరీలో అడిగితే, “అలా ఎవరూ అడగరు సార్” అన్నారు. ఇక్కడి శాస్త్రం ఇక్కడి నర్సరీకి చేరలేదు. మట్టిని మందుతో శుద్ధి చేసిన పాలీహౌస్‌లకీ, పైమట్టి తీసేసిన నేలకీ కూడా ఇదే వర్తిస్తుంది.

ప్యాకెట్ కొనక్కర్లేని దారి కూడా ఉంది. జబ్బులేని చేలో రాగి, జొన్న వేళ్ల చుట్టూ ఉన్న మట్టి తెచ్చి, ఇసుక కలిపి, చిన్న గుంతలో మొక్కజొన్న రెండున్నర మూడు నెలలు పెంచి, పైభాగం కోసి, నీళ్లు ఆపి, వేళ్లని తరిగి ఆ మట్టితో సహా వాడుకోవచ్చు. నులిపురుగు ఉన్న టమోటా మడి నుంచి మాత్రం మట్టి తేకూడదు, జబ్బు కూడా వచ్చేస్తుంది. గట్ల మీద గరికని తగలబెట్టకుండా, కలుపు మందు కొట్టకుండా ఉంచితే ఆ గట్టే ఈ శిలీంధ్రానికి దాపు.

దీనికి ఎదురుమాట లేకపోలేదు, బలమైనదే ఉంది. 2018లో మేగన్ ర్యాన్, జేమ్స్ గ్రాహమ్ అనే శాస్త్రవేత్తలు, పంటల యాజమాన్యంలో రైతు మైకోరైజా సంఖ్య గురించి పట్టించుకోవాల్సినంత ఆధారం లేదని రాశారు. గోధుమలాంటి పంటల్లో అది ఎక్కువున్నా దిగుబడి పెరగని సందర్భాలు చాలానే ఉన్నాయని చూపించారు. మరుసటి ఏడాది ఇంకొందరు దానికి జవాబిస్తూ, దిగుబడి ఒక్కటే కొలత కాదని, మట్టి రేణువులు ఒకదానికొకటి అంటి నిలిచే తీరు, ఎరువు పొదుపు కూడా చూడాలని అన్నారు. నేను ర్యాన్, గ్రాహమ్‌ల మాటని కొట్టిపారేయను. మా టమోటా ఎకరానికి అది అక్షరాలా వర్తిస్తుంది. ఎరువు నిండిన నేలలో శిలీంధ్రం దిగుబడి పెంచదు. కానీ పక్కనున్న రాగి చేను వేరే. అక్కడ భాస్వరం తక్కువ, బోరు లేదు, ఆగస్టులో ఇరవై రోజులు వాన ఆగితే ఆదుకునేదేమీ లేదు. చింతామణి, కదిరి మెట్ట రైతు ఎరువుతో తడిసిన గోధుమ పొలాల లెక్కతో తన చేనుని కొలుచుకోకూడదు.

దీనికి సాక్ష్యం ఎక్కడో లేదు, బెంగళూరులోనే ఉంది. స్విట్జర్లండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఇక్కడి జీకేవీకే శాస్త్రవేత్తలు కలిసి రాగి, కంది జంట మీద పనిచేశారు. కంది వేరు లోతుకి పోతుంది, రాగి వేరు పైపైనే ఉంటుంది. రాత్రిపూట కంది లోతు నుంచి తెచ్చి పైమట్టిలో వదిలే తేమ, శిలీంధ్రపు వల ద్వారా రాగికి చేరగలదని కుండీల్లో చేసిన ప్రయోగాల్లో కనిపించింది. వాన బాగున్నప్పుడు ఆ రెండూ పోటీ పడతాయనీ, కంది పక్కన రాగి తగ్గుతుందనీ కూడా వాళ్లే దాచకుండా రాశారు. నీళ్లు కరువైనప్పుడు మాత్రం కంది తోడు రాగిని నిలబెట్టింది. బెంగళూరు చేలల్లో, తమిళనాడు కొల్లి కొండల్లో చేసిన పొలం ప్రయోగాల్లో, మైకోరైజాతోపాటు మేలుచేసే బాక్టీరియా పట్టించి జంటగా వేసినప్పుడు తక్కువ ఎరువుతో మంచి దిగుబడి వచ్చింది.

ఇది విన్నప్పుడు మా అత్తగారు ఆశ్చర్యపోలేదు. రాగిలో కంది, అనప, ఆముదం సాళ్లు వేయడం వాళ్లకి కొత్త కాదు. కన్నడ రైతులు దాన్ని అక్కడి సాలు అంటారు. కూలీలు దొరక్క, కోత మిషన్‌కి అడ్డమని ఇరవై ఏళ్లుగా ఆ సాళ్లు పోయాయి. అటు హిందూపురం, అనంతపురం వైపు, ప్రకృతి సేద్యం కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన రైతు సాధికార సంస్థ ప్రోత్సాహంతో వానలకి ముందే నవధాన్యాలు చల్లి నేలని పచ్చగా ఉంచుతున్న రైతులున్నారు. ప్రకృతి సేద్యం గురించి చెప్పే గొప్పలన్నీ నేను నమ్మను. ఈ ఒక్క పని మాత్రం, శిలీంధ్రం లెక్కలో, సరిగ్గా కావాల్సిందే. మా ఊళ్లో దానికో చిక్కుంది. రాగి కోశాక మేకలు, గొర్రెలు చేల మీద పడతాయి. ఒక్కడు పచ్చగా ఉంచుకుంటే ఊరి మందంతా అక్కడికే వస్తుంది. నలుగురైదుగురు కలిసి అనుకుంటేనే సాధ్యం.

ప్రభుత్వం వైపు నుంచి నేను అడిగేది పెద్దదేమీ కాదు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలున్నాయి. నత్రజని, భాస్వరం నుంచి బోరాన్ దాకా. మట్టిలో బతికున్నది ఒక్కటీ లేదు. వేరుని క్షారంలో ఉడికించి, నీలం రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద చూస్తే మైకోరైజా ఎంత పట్టిందో తెలుస్తుంది. యాభై ఏళ్లుగా విద్యార్థులు చేస్తున్న పరీక్షే అది. ప్రతి కార్డుకీ చేయలేరు, ఒప్పుకుంటాను. తాలూకాకి కొన్ని చేలలో, రాగి నెల వయసులో చేసినా చాలు, ఏ సేద్యం కింద ఎంత మిగిలిందో మాప్ తయారవుతుంది. అదే కార్డులో భాస్వరం ‘ఎక్కువ’ అని వచ్చిన రైతుకి, ఈ పంటకి డీఏపీ మానెయ్ అని స్పష్టమైన తెలుగులోనో కన్నడలోనో రాసివ్వాలి. మావాడి కార్డులో అంకెలున్నాయి, ఆ వాక్యం లేదు.

ఆ మేళాలో మావాడు ప్యాకెట్ కొనకుండా తిరిగొచ్చాడు. తర్వాతి జూన్‌లో రాగిలో పది సాళ్లకి ఒక కంది సాలు, గట్టు వెంబడి అనప వేశాడు. రాగి చేలో డీఏపీ సగం చేశాడు, టమోటా ఎకరంలో దుక్కి డీఏపీ పూర్తిగా మానేశాడు. టమోటా కాపు తగ్గలేదు. రాగి దిగుబడి గురించి ఒక్క ఏడాది చూసి మాట్లాడటం సరికాదు కాబట్టి మాట్లాడను. డిసెంబర్‌లో రాగి కోశాక చేలో కంది ఇంకా పూతతో నిలబడి ఉంది. ట్రాక్టర్ అతను ఫోన్ చేసి, “అన్నా, రోటవేటర్ ఎప్పుడు తెమ్మంటావు, ఈ వారం ఖాళీగా ఉన్నా” అన్నాడు. కంది కొట్టుకునేదాకా చేలోకి రావద్దని మావాడు చెప్పేశాడు.